ఏది దేనిమీద ఆధారపడి ఉంది?

(సువర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మన రాగి సంగటితో మొదలుపెడతాను. రాగిపిండి అంగట్లో కొనుక్కోవచ్చు. లేదా రాగులు తెచ్చి ఇంట్లోనే విసురుకోవచ్చు. లినక్స్‌లోనూ ఈ రెండు దారులున్నాయి. డెబియన్, ఉబుంటు వంటివి తయారైన ప్రోగ్రాములనే అందిస్తాయి. 2002లో 1.0 వెర్షన్‌గా విడుదలైన జెంటూ మూల కోడ్ తెచ్చి, మన యంత్రంలోనే కంపైల్ చేస్తుంది.

విసరడానికి విసుర్రాయి కావాలి. తినేటప్పుడు దాంతో పనిలేదు, అప్పుడు కావలసింది ఊరిబిండి. జెంటూలో ప్రతి ప్రోగ్రాముకూ ఈబిల్డ్ అనే చిన్న ఫైలు ఉంటుంది. తయారీకి ఏవి కావాలో, నడవడానికి ఏవి కావాలో అందులో విడివిడిగా రాసి ఉంటాయి. పోర్టేజ్ అనే సాధనం వాటిని చదివి, కావలసినవాటికి మళ్లీ ఏవేం కావాలో గొలుసు చివరిదాకా వెతికి, వరుస నిర్ణయిస్తుంది. మన ఇంట్లో ప్రింటరు లేదనుకోండి, ఆ సదుపాయాన్ని యూజ్ ఫ్లాగ్‌తో ఆపేస్తే, దానికోసమే రావలసినవి రాకుండా ఆగిపోతాయి.

ఒక్కోసారి గొలుసు గుండ్రంగా తిరుగుతుంది. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు. ఫ్రీటైప్ ఫాంటులోని అక్షర రూపాన్ని తెరమీద గీస్తుంది. హార్ఫ్‌బజ్ మన గుణింతాలను, ఒత్తులను సరైన చోట కూర్చుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి అడుగుతాయి. అందుకని ముందు హార్ఫ్‌బజ్ తోడు లేకుండా ఫ్రీటైప్‌ను తయారుచేసి, దాంతో హార్ఫ్‌బజ్‌ను కట్టి, తర్వాత ఫ్రీటైప్‌ను మళ్లీ పూర్తిగా కడతారు. తెరమీద తెలుగు చదివే మనలో ఎంతమందికి ఈ రెండు పేర్లు తెలుసు?

పేరు తెలియనిదే ప్రమాదం తేవచ్చు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లను కుదించే సాధనంలో దొంగదారి బయటపడింది. దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని నేరుగా అడగలేదు. కొన్ని లినక్స్‌లలో సిస్టమ్‌డీ మధ్యలో ఉండి రెండింటినీ కలిపింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కారణం తవ్వి బయటపెట్టాడు. ఇంట్లో విసురుకుంటే చాలదని కూడా ఇదే చెబుతుంది. ఆ కల్తీ విడుదల చేసిన మూల కోడ్ మూటలోనే ఉంది. రాళ్లు కలిసిన రాగులు ఇంట్లో విసిరినా పిండిలో రాళ్లు రావచ్చు.

మన బడి పిల్లలకు కంప్యూటర్ అంటే బటన్లు నొక్కడమే కాకూడదు. ల్యాబ్‌లో ఒక్క యంత్రంలోనైనా జెంటూ పెట్టిద్దాం. పెద్ద బ్రౌజర్‌ను పాత యంత్రంలో కంపైల్ చేస్తే గంటలు పడుతుంది. 2023 డిసెంబరు నుంచి జెంటూ కూడా తయారైన ప్యాకేజీలు ఇస్తోంది కాబట్టి పెద్దవి అలా తెచ్చుకుని, చిన్నవి పిల్లలచేత కట్టించవచ్చు. కట్టేముందు "ఎమర్జ్" ఆదేశానికి "ప్రిటెండ్" జోడిస్తే ఏవేవి రాబోతున్నాయో జాబితా వస్తుంది. ఆ జాబితాలో ఒక్కో పేరును ఒక్కో పిల్లవాడికి, పిల్లకు ఇచ్చి, "ఇది ఎందుకు కావాలి, దీన్ని ఎవరు చూసుకుంటున్నారు?" అని కనుక్కోమందాం. ల్యాబ్‌కు వారానికి ఒక పూట ఇవ్వగల పూర్వ విద్యార్థులు ఈ రోజే మాస్టార్ల దగ్గర పేరు రాయించండి.