దరఖాస్తు చేరిన పిమ్మట
(పాఠశాల తల్లిదండ్రుల సభలో గావించిన ప్రసంగ పాఠము)

తల్లులారా, తండ్రులారా,

పూర్వము దరఖాస్తు కాగితమును గుమాస్తా చేతికిచ్చినచో అతడు మన యెదుటనే చదివి, తప్పున్న చోటు చూపెడివాడు. నేడు సెల్‌ఫోనులో గడులు నింపి మీట నొక్కుచున్నాము. అటుపిమ్మట మన బిడ్డ పేరు ఏమగుచున్నదో తెలిసికొనుట మన కవసరమని తలంచి, మేము నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

మనము నింపినదంతయు గడి పేరు, అందలి విలువ అను జంటలుగా కూర్పబడి, సర్వరు అను దూరపు యంత్రమునకు పోవును. ఇట్టి రాకపోకలకు రెస్ట్ అను పద్ధతి యొకటి కలదు. దానిని రాయ్ ఫీల్డింగు 2000వ సంవత్సరమున తన పరిశోధనా గ్రంథమున వివరించెను. ఈ పద్ధతిలో ప్రతి దరఖాస్తునకును ఇంటికి వలె ఒక చిరునామా యుండును. క్రొత్త దరఖాస్తు ‘పోస్ట్’ అను ఆజ్ఞతో పోవలెను. ‘గెట్’ అను ఆజ్ఞ చదువుటకే యుద్దేశింపబడినది. గెట్‌తో పంపినచో బిడ్డ పుట్టిన తేదీయు, మన ఫోను సంఖ్యయు చిరునామాలోనే చేరి, యంత్రపు చిట్టాలలో నిలిచిపోవచ్చును. కవరు లోపల నుండవలసిన సంగతి కవరుపై వ్రాసినట్లగును.

ఫోనులో జరుగు తనిఖీ మన సౌకర్యమునకే గాని, దానిని తప్పించి పంపుట కష్టము కాదు. కావున సర్వరు ప్రతి విలువను తానే మరల పరీక్షింపవలెను. సరిగా నున్నచో భద్రపరచి, 201 అను సంఖ్యతో క్రొత్త దరఖాస్తు చిరునామాను తెలుపును. తప్పున్నచో 400 గాని 422 గాని పంపి, ఏ గడిలో ఏమి లోపమో చెప్పవలెను. మీట రెండుమారులు నొక్కినను దరఖాస్తు ఒక్కటియే నిలుచునట్లు, ప్రతి పత్రమునకును ముందుగానే వేరొక గుర్తు నిచ్చుట మేలు.

ఇక మన తెలుగువారి సంగతి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపి కలదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తునకు 3 బైట్ల చోటు వలయును. ‘వేంకటేశ్వర్లు’ అను పేరు మన కంటికి 5 అక్షరములు. యంత్రము హల్లులు, గుణింతములు, సున్న, పొల్లులు వేరుగా నెంచును గనుక 13 గుర్తులు, 39 బైట్లు. ఆ గడికి 30 బైట్లే కేటాయించి, మిగిలినది చెప్పకయే కోసివేసినచో ‘వేంకటేశ్వర’ అని నిలుచును. చూచువారికి తప్పనియే తోచదు! కాని బిడ్డ పేరు మారినది.

అంతకంటె ముఖ్యమైనది మాతృభాష గడి. అది ఖాళీగా వచ్చినప్పుడు సర్వరు తానే రాష్ట్రభాషతో నింపినచో, ఆ బిడ్డ తెలుగువారి లెక్కలోనికి రాడు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగు సదుపాయములు కల్పింప యత్నింపవలెనని, 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. బరంపురమున నున్నను, హోసూరున నున్నను, ఆ సదుపాయమును కోరునప్పుడు పిల్లల సంఖ్యయే మనకు సాక్ష్యము. ఖాళీని ఖాళీగానే యెంచి మరల అడుగుట సర్వరు ధర్మము.

కావున మా విన్నపము లివి. మాతృభాష గడిని వదలకుడు. రసీదు సంఖ్యను వ్రాసికొనుడు. దరఖాస్తును మరల తెరచి, బిడ్డ పేరును చివరి అక్షరము వరకు చదువుడు. మీ పిల్లలలో ఈ విద్య నేర్చి సర్వర్లు నడుపువారు రేపు కలుగుదురు. పరుల బిడ్డ పేరును సైతము తెగకుండ కాపాడవలెనని వారికి నేడే చెప్పుడు.

సెలవు.