నికోటిన్ పట్టీ: కొత్తది వేసే ముందు పాతది తీశారా?

బీడీ, సిగరెట్, ఖైనీ మానాలని నిర్ణయించుకున్న వారితోను, వారి ఇంట్లో వారితోను ఈ రోజు నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను. మానడానికి డాక్టర్లు ఇచ్చే నికోటిన్ పట్టీ మంచి మందే. కాని చాలామంది దాన్ని నడుము నొప్పికి వేసుకునే ప్లాస్టర్ లాంటిదే అనుకుంటున్నారు.

మేడ్చల్ వైపు నుండి ఒక లారీ డ్రైవరును భార్య మా దగ్గరకు తీసుకొచ్చింది. "రాత్రి సంది కక్కుతున్నడు సిస్టరమ్మా, తిన్నది పడలేదేమో" అన్నది. ముఖం పాలిపోయింది, ఒళ్ళంతా చెమటలు, నోట్లో ఊట, చేతులు వణుకు, గుండె దడ. చొక్కా విప్పితే భుజం మీద ఒకటి, వీపు మీద రెండు పట్టీలు! రోజుకొక కొత్తది వేశాడు గాని పాతది తీయలేదు. "మంచిగనే అంటుకొని ఉన్నది గదా, ఇంక మందు ఉన్నట్టే గదా" అన్నాడు. ఆ మాట నిజమే, ప్రమాదం కూడా అక్కడే ఉంది. 24 గంటలు వాడి తీసేసిన పట్టీలో కూడా నికోటిన్ చాలా మిగిలి ఉంటుంది. పైగా నిద్ర ఆపుకోవడానికి అతను ఖైనీ కూడా పెడుతున్నాడు.

చర్మం గుండా విషం ఎక్కుతుందా అని అడుగుతారు. ప్రకాశం జిల్లా వంటి పొగాకు పండే చోట పెద్దవాళ్ళను అడగండి. తడి ఆకు తెంపే కూలీలకు పొగ తాగకపోయినా తల తిరిగి వాంతులవుతాయి.

పట్టీ మీద 7, 14, 21 మిల్లీగ్రాములని ఉంటుంది. అది ఒక రోజులో ఒంట్లోకి వెళ్ళే మోతాదు. రోజుకు నాలుగు సిగరెట్లు తాగేవారు 21 వేసుకుంటే అతిగా అవుతుంది. ఎవరికి ఏది అన్నది డాక్టరు చెప్పాలి, పక్కింటాయన కాదు. పట్టీ మీద వేడినీళ్ళ సంచి పెట్టకూడదు, వేడికి మందు త్వరగా లోపలికి పోతుంది. పట్టీ ఉండగా పొరపాటున ఒక బీడీ తాగితే ప్రాణం పోదు, భయపడి పట్టీ మానేయకండి.

వాంతులు, తలనొప్పి, దడ మొదలైతే ముందు ఒళ్ళంతా వెతికి పట్టీలన్నీ తీసేయండి. ఆ చోట మంచినీళ్ళతో మాత్రమే కడగండి. సబ్బు వద్దు, సబ్బుతో నికోటిన్ ఇంకా ఎక్కువ లోపలికి పోవచ్చు. పట్టీ తీసినా చర్మంలో చేరినది కొన్ని గంటలు రక్తంలోకి వస్తూనే ఉంటుంది. అందుకే "తీసేశాం గదా" అని ఇంట్లో కూర్చోకండి. మోతాదు మరీ ఎక్కువైతే మొదట దడదడలాడిన గుండె నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది, ఫిట్స్ వస్తాయి, ఊపిరి ఆడదు. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. ఆక్సిజన్, సెలైన్, ఫిట్స్ ఆపే మందులతో కాపాడాలి. 108కు ఫోన్ చేయండి. మేడ్చల్ రోడ్డులో దేవరయాంజాల్ దగ్గర వాళ్ళ ఆఫీసు మీరు చూసే ఉంటారు. వచ్చేటప్పుడు పట్టీల ప్యాకెట్ వెంట తెండి.

మా డ్రైవరు మరునాటికి తేరుకున్నాడు.

అమ్మలారా, వాడిన పట్టీని జిగురు లోపలికి వచ్చేలా మడిచి, పిల్లలకు అందకుండా పారేయండి. పెద్దవారికి సరిపడే మందు పసిపిల్లలకు విషం. బిడ్డ దాన్ని నమిలినా, ఒంటికి అంటించుకున్నా, బాగానే ఉన్నట్టు కనిపించినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పట్టీ ఏ గంటకు వేశారో ఇంట్లో క్యాలెండరు మీద రాయండి. పొగాకు మానడంలో సలహాకు 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు.