పాత హామ్ సెట్టుకు మరమ్మతు

రేడియో యున్న యిండ్లలో అందఱికిని తెలిసిన వైద్యమొకటి కలదు. పాట మధ్యలో సెట్టు మూగవోయినచో పెట్టెమీద అఱచేతితో ఒక్క దెబ్బ వేయుదురు. అది మరల పలుకును. ఈ వైద్యమును చూచి నవ్వుకొందుము గాని దానిలో కొంత శాస్త్రము లేకపోలేదు. ఎచ్చటనో ఒక పిన్ను వదులైనది, లేదా మురికిపట్టినది. దెబ్బకు క్షణకాలము కలిసినది. అయితే రోగము కుదిరినట్లు గాదు. నేడు మేము ముచ్చటింపబోవు సెట్టు వినుటయే గాక పలుకునది కూడ. దాని విషయమున ఈ వైద్యము పనికిరాదు.

లైసెన్సు పొంది, లాభాపేక్ష లేక, ఆకాశమార్గమున పరస్పరము మాటలాడుకొనువారి రేడియోను అమెచ్యూరు రేడియో యనియు, వాడుకలో హామ్ రేడియో యనియు అందురు. వినుయంత్రమును, పలుకుయంత్రమును ఒకే పెట్టెలో నిమిడ్చినచో అది ట్రాన్సీవరు. 1970 దశకములో జపాను దేశమునుండి లోకమంతట వ్యాపించిన యాయెసు ఎఫ్‌టీ-101 అట్టివానిలో మిక్కిలి పేరొందినది. దానిలో వినుభాగమంతయు ట్రాన్సిస్టర్లే. పలుకుభాగపు తుది మెట్లయందు మాత్రము మూడు వాల్వులు కలవు: ముందు 12బీవై7ఏ ఒకటి, దాని వెనుక 6జేఎస్6 జత. ఈ జత నిజమునకు టెలివిజను తెరపై గీతలు నడిపించుటకు పుట్టిన జాతి. వాని తయారీ ఎన్నడో నిలిచిపోయినది. ఇప్పుడు దొరకునవి పాత నిల్వలే. కనుక ఒక జతను కాల్చుకొనుట సామాన్యమైన నష్టము గాదు.

ఒకనాడు ఒక యువకుడు ఇట్టి సెట్టును దుప్పటిలో చుట్టి మా వద్దకు తెచ్చెను. "మా నాన్నగారి సెట్టండీ. ఆయన పోయినప్పటినుంచీ అటకమీదే ఉంది. కొత్త వాల్వులు తెప్పించాను, వేసి పెట్టండి చాలు" అనెను. వాల్వులు అట్టపెట్టెలో భద్రముగా నున్నవి. మేము ఆ పెట్టెను తీసి బీరువాలో నుంచితిమి. అతని ముఖము కొంచెము చిన్నబోయినది.

మొదట చూడవలసినది వాల్వులు గావు, వెనుకనుండు కరెంటు తీగ. ఈ సెట్టు ట్రాన్స్‌ఫార్మరును 100 వోల్టులు మొదలు 234 వోల్టుల వఱకు పెక్కు విధముల కలుపుకొనవచ్చును. విదేశమునుండి వచ్చిన సెట్టు 117 వోల్టులకు కలిపియుండి, దానిని మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టినచో ఆ పిమ్మట మరమ్మతు మాటయే యుండదు. కలయిక సరియే యని తేలిన మీదట కూడ నేరుగా కరెంటు ఇయ్యరాదు. మన రేడియో దుకాణములలో ప్రతి బల్లమీదను ఉండు సిరీస్ బల్బు ఇచ్చట గొప్ప చుట్టము. 100 వాట్ల తంతి బల్బును వరుసలో పెట్టి స్విచ్చి వేయగా, బల్బు ఒకసారి వెలిగి మందగించినచో శుభము. పూర్తిగా వెలుగుచునే యున్నచో లోపల ఎచ్చటనో షార్టు కలదు. తరచుగా అది ఏండ్లతరబడి ఎండిపోయిన ఎలెక్ట్రొలిటిక్ కండెన్సరు.

మూత తీయువారికి ఒక మాట. ఈ సెట్టులో ప్లేటు వోల్టేజి దాదాపు 600 వోల్టులు. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకిన తరువాత కూడ అది కండెన్సర్లలో పొంచి యుండగలదు. కొన్ని వేల ఓముల రెసిస్టరు ద్వారా దానిని ఛాసీకి దింపి, మీటరుతో చూచి, సున్న యని నమ్మకము కలిగిన పిదపనే చేయి పెట్టవలెను. కరెంటు ఉండగా కొలుచునప్పుడు ఎడమచేతిని జేబులో నుంచుకొను అలవాటు మాకు మా గురువుగారి వలన కలిగినది. చిన్నపిల్లలున్న యింట మూత తీసిన సెట్టును బల్లమీద వదలి భోజనమునకు పోరాదు.

ఈ సెట్టు నిర్మించినవారు చేసిన మేలొకటి కలదు: వాల్వుల హీటరును ఆపుటకు వేఱొక స్విచ్చి నుంచిరి. అది ఆపి యున్నను వినుభాగము పనిచేయును. కావున ముందు వినుటనే బాగుచేసికొనవచ్చును. యువకుని సెట్టు బుస కొట్టుచున్నది గాని మాటలు వినరావు. మైకు బటను ఒకసారి నొక్కి వదలగా రెండు నిమిషములు చక్కగా వినిపించి మరల మాయమయ్యెను. ఇది రిలేలో మురికికి గుర్తు. వినుటనుండి పలుకుటకు, పలుకుటనుండి వినుటకు ఏరియలును మార్చునది రిలేయే. దాని ముఖములకు గరుకు కాగితము తగిలింపరాదు, పైపూత పోవును. దళసరి తెల్లకాగితపు పేలికను స్పిరిటులో తడిపి, ముఖముల నడుమ నుంచి మెల్లగా లాగవలెను. సాకెట్లలో గ్రుచ్చియుండు సర్క్యూటు పలకలను ఒక్కొక్కటిగా పైకి తీసి, అంచులు తుడిచి మరల గ్రుచ్చితిమి. సగము రోగములు ఈ తుడుపుతోనే పోవును. పెట్టెమీద దెబ్బ వేయువారు కోరునదియు ఇదియే గదా!

ఇక వాల్వుల సంగతి. చాలకాలము క్రిందట మేమే ఇట్టి యొక సెట్టులో పాత జత పోయినదని కొత్త జత వేసితిమి. నిమిషము నిండకముందే ప్లేట్లు ఎఱ్ఱగా కాలినవి. తప్పు మాది: పాత జత ఎందుకు పోయినదో అడుగలేదు.

ముందరి వాల్వు ప్లేటునుండి జంట వాల్వుల గ్రిడ్లకు సంకేతమును అందించు చిన్న కండెన్సరు ఒకటి కలదు. ఒకప్రక్క దానికి వందల వోల్టుల ధన వోల్టేజి, మఱియొకప్రక్క వాల్వులను అదుపులో నుంచు ఋణ బయాస్. వయసు మీరిన కండెన్సరు ఇసుమంత కారినను చాలును. ధన వోల్టేజి గ్రిడ్డుకు చేరి బయాస్‌ను మ్రింగివేయును, వాల్వులు కట్టు తెంచుకొన్న ఎద్దులగును. పరీక్ష కష్టము గాదు. హీటర్లు ఆపి, గ్రిడ్డువైపు కాలును విప్పి, ఆ కాలికిని ఛాసీకిని నడుమ మీటరు నుంచి ముందరి వాల్వుకు ప్లేటు వోల్టేజి వచ్చునట్లు చేయవలెను. ముల్లు ఒకసారి కదలి సున్నకు దిగవలెను. యువకుని సెట్టులో అది దిగలేదు; 20 వోల్టుల వద్ద నిలిచిపోయినది. అతనిని పిలిచి చూపితిమి. అతడు బీరువావైపు చూచి, ఏమియు అనలేదు.

1000 వోల్టులకు తగిన కొత్త కండెన్సరును అతికితిమి. పిదప పాత వాల్వులనే వేసి, హీటరు వెలిగించి బయాస్ సరిచూచితిమి. మాట లేనప్పుడు జంటకు కలిపి 60 మిల్లీ ఆంపియర్లు ప్రవహించవలెను; అది కుదిరినది. చచ్చినవనుకొన్న వాల్వులు చావలేదు! ఒకటి కొంచెము అలసినది, అంతే. జత మార్చినప్పుడెల్ల న్యూట్రలైజింగు చేయవలెను, ఏలయన ఒక్కొక్క తయారీదారుని వాల్వులో లోపలి కెపాసిటీ ఒక్కొక్క తీరుగా నుండును. ఈసారి మాకు ఆ శ్రమ తప్పినది.

పలుకు పరీక్షకు ఏరియల్ వలదు. 50 ఓముల డమ్మీ లోడు చాలును. లైసెన్సు లేనివారు గాలిలోనికి ఒక్క మాటయు పంపరాదు. ట్యూనింగు 10 సెకనులకు మించనీయరాదు. ఒక్కొక్క ప్లేటు తాళగల వేడి 30 వాట్లే. ఈ సంగతి మఱచి మీటరు అందమును చూచుచు కూర్చున్నవారు వాల్వులను పోగొట్టుకొందురు.

మఱునాటి యుదయము ఏరియల్ కలిపి 7 మెగాహెర్ట్జ్‌ల వద్ద సెట్టు పెట్టగా, మన రాష్ట్రపు హాములు వాన సంగతులు చెప్పుకొనుచుండిరి. వారిలో ఒక వృద్ధుని గొంతు విని యువకుడు కుర్చీ దగ్గఱకు లాగుకొనెను; ఆ గొంతును చిన్నప్పుడు తండ్రి గదిలో వినియుండెనట. బదులు చెప్పుటకు అతనికి లైసెన్సు లేదు. పరీక్షకు పుస్తకములేవో మమ్మడిగి వ్రాసికొనెను. కొత్త వాల్వుల జతను అట్టపెట్టె విప్పకయే అతని చేతి కిచ్చితిమి.