ముట్టించుకు రమ్మన్న బీడీ

జనగామ, మహబూబాబాద్ పల్లెల్లో పొగ మానేసిన పెద్దమనుషుల్ని ఈ అలవాటు ఎక్కడ మొదలైందని అడగండి, చాలామంది ఇంటి పొయ్యినే చూపిస్తారు. "బీడీ ముట్టించుకురా బిడ్డా" అని పెద్దలే పంపేవారు. ఆరిపోకుండా తెచ్చే సాకుతో పిల్లవాడు దారిలో రెండు దమ్ములు లాగేవాడు. ఆ తప్పు పిల్లవాడిదేనా? 2003 పొగాకు నియంత్రణ చట్టం వచ్చాక పద్దెనిమిదేళ్లలోపు వారికి పొగాకు అమ్మడమే నేరమైంది.

భూపాలపల్లి అడవుల్లో ఎండాకాలం తెంపే తునికాకుతోనే బీడీ చుడతారు. అదే భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు బాయిలోకి మాత్రం బీడీ, అగ్గిపెట్టె పోకూడదు. మీథేన్ వాయువు అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు మరి. ఎనిమిది గంటల షిఫ్టు పొగ లేకుండానే గడుస్తుంది. అంటే, పొగ లేనిదే పూట గడవదన్న మాట పూర్తిగా నిజం కాదు. కాకపోతే పొగకు బదులు ఖైనీ నమిలేవారూ ఉంటారు. అందులోనూ ఉండేది నికోటినే, పైగా నోటి క్యాన్సర్ ముప్పు.

మానేసినవారిని ఎక్కువగా కుమిలిపోయేలా చేసేది, చంటిపిల్లలున్న ఇంట్లో వదిలిన పొగ. దాన్ని వెనక్కి తీసుకోలేం. ఒంటికి మాత్రం కొంత మేలు తిరిగొస్తుంది. మానిన ఇరవై నిమిషాల్లో గుండె వేగం తగ్గుతుంది. పొగ తాగేవారితో పోలిస్తే, ఏడాదికి గుండెజబ్బు ముప్పు దాదాపు సగమవుతుంది. పదేళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పూ సుమారు సగానికి దిగుతుంది. మొదట్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం మామూలే. మానడానికి సాయం కావాలంటే జాతీయ క్విట్‌లైన్ 1800-112-356కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.