కోనసీమ సిరికి మూలమేది?

(కాట్రేనికోన గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాసము)



కోనసీమ సిరికి కారణమేమని అడిగినచో మూడు సమాధానములు వినవచ్చుచుండును. కాటను దొర కట్టించిన ఆనకట్ట యని కొందరు, గోదావరి తెచ్చిపోసిన ఒండ్రునేల యని కొందరు, రైతు కండబలమని మరికొందరు చెప్పుదురు. మూడింటను సత్యము కలదు. కాని ఏ యొక్కటియు పూర్ణసత్యము కాదని మేము తలచుచున్నాము.

పూర్వస్థితిని విచారింపుడు. ఆనకట్టకు ముందును ఒండ్రునేల కలదు, కష్టించు రైతు కలడు. అయినను 1821లో ఏడు లక్షలు దాటియున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి ఇంచుమించు అయిదున్నర లక్షలకు దిగజారెను. 1832, 1833 సంవత్సరములలో కరవు వచ్చెను. 1839లో ఉప్పెన కోరంగిని ముంచెను. అయితే దైవమును మాత్రమే నిందించుట న్యాయము కాదు. గౌతమి ఆవలియొడ్డున యానాము చెంతనున్న ఇంజరమునను, మన బండమూర్లంకయందును, నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమునను కుంఫిణీవారు నేతబట్టలు కొని సీమకు ఓడలకెత్తుచుండిరి. ఆ కొనుగోళ్లు నిలిచిపోయినవి, లంకాషైరు మరబట్టలు వచ్చిపడినవి, మగ్గములు మూలబడినవి. శిస్తు మాత్రము నిలువలేదు. రాబడి పోయి పన్ను మిగిలిన పల్లెకు కరవును తట్టుకొను శక్తి యెక్కడిది?

అట్టి దుస్థితిలో 1847లో ఆనకట్ట పని ప్రారంభమై 1852లో ముగిసెను. కాటను మేధను తగ్గించి చెప్పవలసిన పనిలేదు. అయితే లోతెరుగని ఇసుకలో పునాది నిలుపు విద్యను కావేరిపై చోళులు కట్టిన కల్లణై వంటి పూర్వుల కట్టడములనుండియే నేర్చితిమని ఆయనయే ఒప్పుకొనెను. వేలకొలది కూలీలను సమకూర్చి పని నడపినవారిలో మనవాడైన వీణం వీరన్న ముఖ్యుడు. కుంఫిణీవారును ధర్మబుద్ధితో ధనము వెచ్చింపలేదు. శిస్తు పెరుగునను లెక్క చూచుకొనియే సమ్మతించిరి. నేల, శ్రమ, విద్య, ధనము ఒక్కచోట కూడినందుననే మాగాణము విస్తరించెను. వీనిలో ఏది లోపించినను ఫలము దక్కెడిది కాదు.

ఇది గతించిన వాదము కదా, నేడు దీనితో మనకేమి పనియని కొందరు అడుగవచ్చును. 2011 సార్వాలో కోనసీమ రైతు తానుగా నాగలిని ప్రక్కనబెట్టి పంట విరామము ప్రకటించెను. ప్రభుత్వము మోహన్ కందా అధ్యక్షతన సంఘమును నియమించి విచారింపవలసివచ్చెను. 2022లోను పంట విరామపు మాట మరల వినబడెను. ఆనకట్ట లేకనా? దాని స్థానమున కాటను పేర బ్యారేజి నిలిచియున్నది. ఒండ్రు లేకనా? కండబలము లేకనా? మూడును ఉన్నవి. కాని పండిన ధాన్యమునకు గిట్టుబాటు ధర లేదు, పొలములో నిలిచిన నీటికి దారి లేదు.

నీరు తెచ్చుట సగము పని, నీరు పోనిచ్చుట మిగిలిన సగము. సముద్రపుటంచున నున్న మన శివారు భూములకు ఈ రెండవ సగమే ప్రాణము. మురుగు కాలువలో గుర్రపుడెక్క పెరిగి పూడిక మేటవేసినచో ఒక్క వానకే నారు కుళ్లును. అప్పుడు ధవళేశ్వరము నీరే మనకు శాపమగును.

కావున దేశసంపద ఒక మహనీయుడు ఒకనాడు ఇచ్చిపోయిన వరము కాదు. ఏటేట నిలుపుకొనవలసిన ఏర్పాటు. 1997 చట్టము రైతులకు నీటి సంఘముల హక్కునిచ్చినది. కాలువలు కట్టివేయు వేసవిలోనే ఊరివారు మురుగు కాలువల వెంబడి నడచి, పూడికను కొలిచి, చేసిన పనిని, పెట్టిన ఖర్చును ఈ గ్రంథాలయపు గోడపై వ్రాసి యుంచవలెను. లెక్క చూపనివారిని సభలో నిలదీయవలెను. కాటను విగ్రహమునకు పూలమాల వేయుట మంచిదే. తొలుత మురుగు కాలువ తవ్వించి పిదప మాల వేయుదము.