తాగాడనకండి, ముందు సుగరు చూడమనండి
(పూర్ణా మార్కెట్ కూలీల సమావేశంలో చేసిన ప్రసంగం)



పూర్ణా మార్కెట్‌లో మన పని తెల్లారకుండానే మొదలవుతుంది. సుగరు బిళ్ళ మింగేస్తాం, టీ చుక్కతో సరిపెట్టేస్తాం. తిండి మాత్రం లారీ దించాకే. ప్రమాదం అక్కడే ఉంది.

మా జట్టులో ఒక పెద్దాయన ఓ రోజు పంచదార బస్తా దించి తూలాడు. మాట ముద్దయింది. పట్టుకోబోతే తిట్టాడు, చెయ్యి విసిరాడు. "పొద్దున్నే పట్టించాడు" అన్నారు చుట్టూ ఉన్నోళ్ళు. మేమూ నవ్వాం. ఆ తప్పు మాదే. నీడన పడుకోబెట్టి పనిలో పడ్డాం. కాసేపటికి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. పక్షవాతమనుకుని ఆస్పత్రికి మోసుకుపోయాం. అక్కడా మొదటి ప్రశ్న "తాగాడా?" అనే. ఒక నర్సమ్మ వేలికి సూది గుచ్చి చూసింది. సుగరు 32! పంచదార మోసినోడి నెత్తుట్లో పంచదార లేదు. నరంలోకి గ్లూకోజు ఎక్కించాక చెయ్యి కదిలింది, "నా బస్తా ఏదిరా?" అన్నాడు.

చెమట, వణుకు, ఆకలి, గుండెదడ అందరికీ తెలిసిన గుర్తులే. తెలియనివి వినండి. మెదడుకి ముఖ్యమైన తిండి గ్లూకోజే. అది అందకపోతే మనిషి తిక్కగా మాట్లాడతాడు, కలబడతాడు, ఫిట్స్ వస్తాయి, ఒక పక్క పడిపోవచ్చు. ఏళ్ళ తరబడి సుగరున్నోళ్ళకీ, కొన్ని బీపీ బిళ్ళలు వాడేవాళ్ళకీ ముందు వణుకు కూడా రాకపోవచ్చు. సారా వాసన వచ్చినా వదిలెయ్యొద్దు. పరగడుపున తాగితే సుగరు ఇంకా పడిపోతుంది.

70 కంటే దిగితే తక్కువ, 54 కంటే దిగితే ప్రమాదం. మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాలకి తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చెయ్యండి. వాడే బిళ్ళల చీటీ వెంట తీసుకెళ్ళండి. గ్లిబెన్‌క్లమైడ్ లాంటివైతే తేరుకున్నాక కూడా సుగరు మళ్ళీ పడిపోవచ్చు, తొందరపడి ఇంటికి తెచ్చెయ్యొద్దు.

మన బట్టలు చూసి, మన పేట పేరు విని "తాగుబోతు" అనెయ్యడం ఈ సమాజానికి అలవాటు. ఊరవతల ఉంచినోళ్ళని ఆస్పత్రి వరండాలోనూ అవతలే ఉంచుతారు. ఆ మాట మన నోట రాకూడదు. అక్కడ గట్టిగా ఒక్కటే అడుగుదాం: "ముందు సుగరు చూడండి!" కావలసింది ఒక్క నెత్తుటి చుక్క, ఒక్క నిమిషం. అది దయ కాదు, మన హక్కు.