బోదకాలు, డీఈసీ మాత్ర

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలున్న ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు బోదకాలు పాత పీడ. బీడీలు చుట్టే వాకిళ్ల పక్కనైనా, మరమగ్గాల వాడలోనైనా మురుగు నిలిస్తే క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగును ఒంట్లోకి చేర్చేది అదే.

ఆ పురుగు లింఫు నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతూ రోగనిరోధక శక్తిని మందగింపజేస్తుంది. దాని పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది చీకటి పడ్డాక వచ్చి, వేలి కొన నుంచి రక్తపు చుక్క తీస్తారు.

డీఈసీ మాత్ర పడితే ఆ పిల్లపురుగులు తెల్ల రక్తకణాలకు చిక్కుతాయి. 1947లో ఈ మందును వెలుగులోకి తెచ్చింది అమెరికాలో భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధక బృందం.

మాత్రలు అన్నం తిన్నాకే మింగాలి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. చాలావరకు అది పురుగులు చస్తున్న గుర్తే.